తంజావూరిలో మా సెల్‌ఫోను బొమ్మలు

వయసు మళ్ళిన తరువాత మనిషికి ఏదో ఒక సరదా ఉండాలంటారు. కొందరికి చీట్లపేక, కొందరికి పెరటి తోట, కొందరికి ఎదురింటివారి సంసారం. మాకు ఈ మూడింటిలోనూ ప్రవేశం లేదు. ఉద్యోగం విరమించి తిరుచ్చిలో కాళ్ళు చాపుకొని కూర్చున్న రోజులలో, మూడేళ్ళ క్రిందట సెలవులకు వచ్చిన మా మనవడు ఒక సెల్‌ఫోను తెచ్చి చేతికిచ్చి, "తాతయ్యా, దీంతో మాట్లాడడమే కాదు, ఫొటోలు కూడా తీయవచ్చు" అన్నాడు. అది మంత్రోపదేశమై కూర్చున్నది.

మొదట మా ప్రతాపం ఇల్లు దాటలేదు. వాకిట్లో ముగ్గు, కాఫీ ఫిల్టరు మీద పడిన పొద్దుటి ఎండ, దండెం మీద ఆరేసిన చీరలు, గోడమీద పిల్లి — అన్నీ తీశాము. మా ఆవిడ మొదట నవ్వింది, తరువాత విసుక్కొన్నది, ఆ తరువాత "ఇదిగో, ఈ గుమ్మడిపువ్వు తీయరాదూ?" అని తానే చూపించసాగింది. కనుక ఈ వ్యాసంలో 'మేము' అంటే చాలా చోట్ల ఇద్దరమని చదువరులు గ్రహింతురు గాక. మీట నొక్కే చేయి ఒకరిది, ఏది తీయాలో చెప్పే నోరు మరొకరిది.

మరుసటి సెలవులలో మనవడు రెండవ పాఠం చెప్పాడు. తీసిన ఫొటోను చిత్రకారుడు వేసిన బొమ్మలాగా మార్చే విద్య అది. ఒక మీట నొక్కితే గుమ్మడిపువ్వు నూనెరంగుల చిత్రమైంది. ఇంకొకటి నొక్కితే వీధి కొళాయి నీటిరంగుల చిత్రమైంది. చిన్నప్పుడు డ్రాయింగు మేష్టారి చేత మొట్టికాయలు తిన్న మావంటివారికి ఇంతకన్న ఏం కావాలి? నెల తిరిగేసరికి మా ఇంట్లో చిత్రం కాని వస్తువంటూ లేకపోయింది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఫొటో అంటే లక్షలాది చుక్కల ముగ్గు. పాత పద్ధతిలో ఆ యంత్రం ప్రతి చుక్కకూ ఇరుగుపొరుగు చుక్కలను చూస్తుంది. వాటిలో ఎక్కువ చుక్కలు ఏ పాటి వెలుగులో ఉన్నవో లెక్కపెట్టి, ఆ గుంపు రంగునే ఈ చుక్కకూ పూస్తుంది. అందువల్ల సన్నని తేడాలు చెరిగిపోయి, కుంచెతో మందంగా రాసినట్లు పూతలు పూతలుగా కనిపిస్తుంది. ఎంత దూరపు పొరుగును లెక్కలోకి తీసుకొంటే కుంచె అంత లావు. 2015లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఒక చిత్రంలోని కుంచె తీరును యంత్రం చేత గ్రహింపజేసి, దానిని వేరొక ఫొటో మీద పూయించే ఉపాయం ప్రకటించారు. 2016లో ప్రిస్మా అనే పేరుతో అటువంటిది సెల్‌ఫోనులలోకే వచ్చేసింది. ఏ పద్ధతి అయితేనేమి, అందమంతా చిన్న వివరాన్ని పెద్ద పూతలో కలిపివేయడంలోనే ఉన్నది. ఐతే గుంపులో కలవని ఒంటరి చుక్క ఏమవుతుందో ఆ రోజులలో మేము ఆలోచించలేదు.

అది తెలిసివచ్చిన సంగతి చెప్పాలి.

కిందటేటికి ముందటేడు నవరాత్రులకు మా పెద్దక్కయ్య మా ఇంటికి వచ్చింది. బొమ్మలకొలువు పక్కన పీట వేసుకొని కూర్చుని, ఒడిలో శనగల గిన్నె పెట్టుకొని, వచ్చిన పేరంటాళ్ళకు పంచుతున్నది. ఆ సమయాన ఒక ఫొటో తీశాము. దీపాల వెలుతురు, పట్టుచీర, వెనుక మెట్లమీద బొమ్మలు — ఇక నూనెరంగుల మీట నొక్కకుండా ఉండగలమా? ఎంతో బాగా వచ్చింది. అక్కయ్య కూడా చూసి, "నన్ను మహారాణిని చేశావురా" అని మురిసిపోయింది. అంతలో ఫోను, "ఇక చోటు లేదు" అని మొరాయించింది. చోటు కోసం అసలు ఫొటోలన్నీ తీసివేసి, రంగుల బొమ్మలు మాత్రం ఉంచుకొన్నాము. అప్పుడు అది మహా తెలివైన పని అనుకొన్నాము.

ఆ వైశాఖంలో అక్కయ్య పోయింది. గోడకు కట్టించడానికి మంచి ఫొటో కావాలని మేనకోడలు కోయంబత్తూరు నుంచి అడిగింది. ఈ మధ్య తీసినదంటూ ఉన్నది మా దగ్గరే. పంపాము. గంట తరువాత ఫోను చేసి, "బాగున్నది మామయ్యా. కాని అమ్మలాగా లేదు. ఎడమ చెంపమీద మచ్చ ఏదీ? కళ్ళ కింద ముడతలేవీ? అసలు ఫొటో పంపండి" అన్నది. అసలు ఫొటో ఎక్కడున్నది? మాకు జవాబు చెప్పడానికి నోరు రాలేదు. పెసరగింజంత ఆ పుట్టుమచ్చ ఒంటరి చుక్క. చుట్టూ ఉన్న చెంప రంగు దానిమీద పూసుకొని పోయింది.

ఆ తరువాత ఏడెనిమిది నెలలు మేము ఫోను ఎత్తి ఫొటో తీయలేదు. ముగ్గు ముగ్గుగానే ఉన్నది, పిల్లి పిల్లిగానే ఉన్నది. ఈ సంక్రాంతి వెళ్ళిన వారం మా ఆవిడే, "ఒకసారి తంజావూరు వెళ్ళివద్దాం. మీ అక్కాతమ్ముళ్ళు తిరిగిన ఊరు గదా. ఫోను కూడా తెండి" అన్నది. మా నాన్నగారు అక్కడ ఉద్యోగం చేసిన నాలుగేళ్ళూ, సాయంత్రమైతే పెద్దగుడికి మా వేలు పట్టుకొని తీసుకుపోయేది అక్కయ్యే. కాదనలేకపోయాము.

తిరుచ్చి నుంచి తంజావూరు రైలులో గంటా గంటన్నర ప్రయాణం. తిరువెరుంబూరు కొండమీది గుడి కిటికీలో నుంచి కనిపించి దాటిపోయిన తరువాత, ఇక కనుచూపు మేర కావేరి నీళ్ళు తాగే పొలాలే. సాంబా వరి కోతల రోజులు. కొన్ని మడులు బంగారు రంగులో ఉన్నవి, కొన్ని కోసిన దుబ్బులతో ఉన్నవి, కొంగలు నడుస్తున్నవి. మా ఆవిడ పోరగా కదిలే రైలులో నుంచే ఒక ఫొటో తీశాము. దగ్గరి చెట్లు గీతలు గీతలుగా సాగిపోయి, దూరపు పొలం మాత్రం నిలిచి కనిపించింది. "మీ మీట నొక్కకుండానే ఇది చిత్రమైపోయింది" అన్నదావిడ. మాట నిజమే.

స్టేషను నుంచి పెద్దగుడి దగ్గరే. రాజరాజచోళుడు కట్టించి 1010లో పూర్తిచేసిన ఈ గుడిని ఎన్నిసార్లు చూసినా, రెండు గోపురద్వారాలు దాటి ఆవరణలో అడుగు పెట్టేసరికి గుండె ఒక్కసారి ఆగినట్లవుతుంది. ఎదురుగా నాయకరాజులనాటి ఏకశిల నంది. దాని వెనుక సుమారు 216 అడుగుల విమానం. పొద్దుటి ఎండలో ఆ రాయి తేనెరంగులో ఉంటుంది. మధ్యాహ్నానికి తెల్లబారి చప్పబడుతుంది. సాయంత్రం మళ్ళీ రాగిరంగు తిరుగుతుంది. ఫొటో సరదా ఉన్నవారు పొద్దున్నే, లేకుంటే సాయంత్రం పోవలెను గాని మిట్టమధ్యాహ్నం పోయి లాభం లేదు. పైగా అరికాళ్ళు కాలుతవి.

మా కొద్దిపాటి అనుభవంతో నాలుగు మాటలు చెబుతాము. ముందు ఫోను అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. సగం ఫొటోలు వేలిముద్రల వల్లనే మసకబారుతవి. తెరమీద అడ్డగీతలు, నిలువుగీతలు కనిపించేటట్లు పెట్టుకొంటే గుడి పక్కకు ఒరగదు. దూరపు శిల్పాన్ని తెరమీద పెద్దది చేసి తీయకండి, కాళ్ళున్నవి గదా, దగ్గరకు నడవండి. ఆకాశం మరీ తెల్లగా కనిపిస్తే, తెరమీద ఆ తెల్లటి చోటనే వేలితో తాకి చూడండి, వెలుగు సర్దుకొంటుంది. గర్భగుడిలో మాత్రం ఫోను సంచిలో పెట్టి, రెండు చేతులూ జోడించండి.

గుడి అడుగుపీఠం చుట్టూ తమిళ శాసనాలు చెక్కి ఉన్నవి. రాజుగారు ఇచ్చిన నగలు, గొర్రెలు, దీపాలు, గుడికి తెచ్చిన 400 మంది నాట్యకత్తెల పేర్లు, వారు ఏ వీధిలో ఏ ఇంట్లో ఉండేవారో కూడా రాసి పెట్టారు. ఈ శాసనాలను 1858లో లిన్నియస్ ట్రైప్ అనే ఫొటోగ్రాఫరు తీశాడు. ఆయన మద్రాసు ప్రభుత్వానికి ఫొటోలు తీసే పనిలో ఉన్న సైనికోద్యోగి. బరువైన పెట్టె, కాగితపు నెగటివులు మోసుకొని, పీఠం వెంట జరుగుతూ జరుగుతూ 21 ఫొటోలు తీసి, అతికితే అది సుమారు 19 అడుగుల పొడవు వచ్చింది. ఈనాడు అదే పని ఫోనును ఒక పక్కనుంచి మరొక పక్కకు తిప్పితే అయిపోతుంది. మేమూ తిప్పాము. మధ్యలో ఎవరి పిల్లవాడో పరుగెత్తగా, మా బొమ్మలో వాడు రెండుచోట్ల కనిపించాడు, ఒకచోట కాళ్ళు లేకుండా!

ఆ ట్రైపు దొరగారి సంగతి ఇంకొకటి ఉన్నది. ఆనాటి ఫొటోలలో ఆకాశం వట్టి తెల్లగా వచ్చేది, మబ్బులు పడేవి కావు. అందుకని ఆయన నెగటివు మీదనే రంగు పూసి మబ్బులు, చెట్ల ఆకులు దిద్దేవాడు. అంటే ఫొటోకు కుంచె తోడుచేయడం మన మనవలు కనిపెట్టిన విద్య కాదన్నమాట. మా అమ్మానాన్నల పెళ్ళిఫొటో కూడా నలుపు తెలుపులలో తీసి, స్టూడియోలో చేత్తో రంగులు వేయించినదే. అమ్మ చీర ఎరుపు, నాన్న తలపాగా పసుపు. కాని ట్రైపు కుంచె ముట్టినది ఆకాశాన్ని. శాసనంలోని అక్షరాన్ని మార్చి ఉంటే ఆ 19 అడుగుల పటం ఎందుకు పనికివచ్చేది?

ఇక్కడే మాకు అక్కయ్య మాట జ్ఞాపకం వచ్చింది. ఈ ఆవరణలోనే నిలబడి, చేయి పైకెత్తి, "ఒరే, చూశావా! ఈ విమానం నీడ నేలమీద పడదురా!" అని చెప్పేది. తంజావూరులో ఈ మాట అనని వారు లేరు. మేము అరవై ఏళ్ళుగా నమ్మాము. మనవలకూ చెప్పాము. ఆనాడు మూడున్నర గంటలకు, గుడికి ఉత్తరపు వైపున బండపరుపు మీద కూర్చుని ఉండగా, మా ఆవిడ, "అదేమిటండీ మరి?" అని చూపించింది. విమానం నీడ! బండలమీద నల్లగా, బారుగా పడివున్నది. దాని చల్లదనంలో పది కుటుంబాలు కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకొంటున్నవి.

నవ్వు వచ్చింది. వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చినవి. అక్కయ్య ఉంటే ఫొటో తీసి పంపేవాళ్ళము, ఆమె ఒప్పుకొనేది కాదు, అరగంట వాదించేది. ఎనిమిది నెలల తరువాత మనసారా తీసిన ఫొటో అదే. దానిని నూనెరంగులలోకి మార్చలేదు. నీడను నీడగానే ఉంచాము.

గుడి ఆవరణలోనే ఈ కట్టడం చరిత్ర వివరించే చిన్న ప్రదర్శన ఉన్నది. యాత్రికులు చాలామంది చూడకుండానే పోతారు. గర్భగుడి చుట్టూ ఉన్న ఇరుకు నడవ గోడలమీద చోళులు 11వ శతాబ్దంలో తడిసున్నం మీద చిత్రాలు వేయించారు. సుందరమూర్తి నాయనారు కథ, త్రిపురాంతకుడు, నాట్యకత్తెలు అందులో ఉన్నారు. 1532 నుంచి 1673 వరకు తంజావూరు ఏలిన నాయకరాజుల కాలంలో వాటిమీదనే కొత్త చిత్రాలు వేశారు. ఆ నాయకులు మనవారే. రఘునాథ నాయకుడు తానే తెలుగులో కావ్యాలు రాసినవాడు, విజయవిలాసం రాసిన చేమకూర వేంకటకవిని ఆదరించినవాడు. వారి చిత్రకారులు అడుగున ఉన్నదానిని చెరపాలని చెరిపి ఉండరు. పాతబడినది, కొత్తగా అందంగా చేద్దామనుకొని ఉంటారు. మేమూ అంతే గదా అనుకొన్నాము!

1931లో అణ్ణామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందసామి, పై పూత రాలినచోట కింద వేరొక చిత్రం ఉన్నదని కనిపెట్టారు. తరువాత పురావస్తు శాఖవారు పై పొరను చెక్కి పారవేయలేదు. మెల్లగా ఊడదీసి, వేరే పలకల మీద అతికించి, నాయకుల చిత్రాన్నీ దక్కించారు, కింది చోళ చిత్రాన్నీ వెలికితీశారు. ఆ నడవలోకి అందరినీ పోనివ్వరు గాని, వాటి ఫొటోలు ఈ ప్రదర్శనలో చూడవచ్చు. మేము ఆ ఫొటోల ముందు చాలాసేపు నిలబడ్డాము. పై పూతా అందమే, కింది బొమ్మా అందమే. గోడకు అదృష్టం ఉన్నది, కింది బొమ్మ మిగిలింది. మా ఫోనులో మిగలలేదు.

సాయంత్రం తంజావూరు చిత్రాలు చేసే ఒక దుకాణానికి వెళ్ళాము. ఆ పని వంశపారంపర్యంగా చేసేవారిలో తెలుగు మాట్లాడే రాజులు ఉన్నారని వినడమే గాని, ఎదురుపడడం అదే మొదలు. మా మాటలు విని ఆ పెద్దాయన తలెత్తి, "మీరు మనవాళ్ళేనా సార్? మాకు ఇంట్లో తెలుగే. చదవడం రాయడం మాత్రం తమిళంలోనే" అని ముక్కాలిపీట జరిపారు. పూర్వం పనసచెక్క మీద చేసేవారట. ఇప్పుడు ప్లైవుడ్డు. దానిమీద గుడ్డ అంటించి, బొమ్మ గీసి, సుద్దపొడి జిగురు కలిపిన ముద్దతో నగలు, స్తంభాలు, పూలు ఎత్తుగా దిద్దుతారు. రాళ్ళు పొదిగి, పైన బంగారు రేకు అంటిస్తారు. ఆయన ముందు ఒక వెన్నముద్ద కృష్ణుడు ఉన్నాడు. ఒళ్ళంతా బంగారం, ముఖం మాత్రం ఇంకా ఖాళీ.

"ముఖానికి బంగారం ఎప్పుడు వేస్తారు?" అని అడిగాము అమాయకంగా.

ఆయన నవ్వి, "ముఖానికి ఎత్తూ లేదు, బంగారమూ లేదు సార్. వట్టి సన్నకుంచె. అదీ చివర. ముఖం చెడిందంటే తక్కిన బంగారమంతా దండుగ" అన్నారు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. మాకు కావలసిన మూడవ పాఠం అక్కడ దొరికింది.

తిరుచ్చికి వచ్చిన తరువాత మళ్ళీ మా సరదా మొదలైంది. ఐతే కొన్ని కట్టుబాట్లతో. అసలు ఫొటోను ముట్టము. దానికి నకలు తీసి, నకలు మీదనే రంగులాట ఆడతాము. అసలు ఫొటోలు నెలకొకసారి ఫోను నుంచి వేరేచోటికి చేర్చి, ఏడూ నెలా రాసి పెడుతున్నాము. రంగులు పూసేటప్పుడు గోడకు, చెట్టుకు, మబ్బుకు లావుకుంచె వేస్తాము. మనిషి ముఖం దగ్గరకు వచ్చేసరికి ఆ చోట పూతను తగ్గించివేస్తాము, ఆ సదుపాయం చాలా ఫోనులలో ఉన్నది. మచ్చ, ముడత, తెల్లవెంట్రుక దేవుడు వేసిన గీతలు. వాటిని దిద్దే అధికారం మాకు లేదు. రైలు కిటికీ పొలం ఇప్పుడు నీటిరంగుల చిత్రమై మా హాలులో ఉన్నది. నీడ ఫొటో దాని పక్కన ఉన్నది, ఉన్నది ఉన్నట్లుగా.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఫోను లేని ఇల్లు ఉండదు. పెద్దవారు లేని ఇల్లూ తక్కువే. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవారిని కిటికీ పక్కన, పక్కవాటు వెలుతురులో కూర్చోబెట్టి ఒక ఫొటో తీయండి. నవ్వమని బలవంతపెట్టకండి, మాట్లాడనివ్వండి, మాటల మధ్యలో తీయండి. ఆ తరువాత దానికి ఎన్ని రంగులు పూసినా మీ ఇష్టం. అసలుది మాత్రం దాచండి.

అక్కయ్య రంగుల బొమ్మను అచ్చు వేయించి, మా తప్పు ఒప్పుకొంటూ నాలుగు వాక్యాలు రాసి, మేనకోడలికి పంపాము. గోడమీద పెట్టుకోదేమో, పెట్టె అడుగున వేస్తుందేమో అనుకొన్నాము. పదిరోజులకు ఫోను వచ్చింది. "హాల్లో పెట్టాను మామయ్యా. మచ్చ ఎక్కడుండేదో నాకు తెలుసు గదా, కాటుకతో నేనే పెట్టాను" అన్నది.

ఆ మాట విని మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి వెళ్ళి కిటికీ తలుపులు బార్లా తీసి, కుర్చీ అక్కడికి లాగి, "రండి, మీరు ఇక్కడ కూర్చోండి. ఫోను నాకివ్వండి" అన్నది.